ఎత్తు పోగు

వెంట్రుకలు కాలే వాసన పడనివాళ్లు మా గల్లీలో ఇద్దరు ముగ్గురున్నారు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని, నా వైపు ఒక చూపు పారేసి పోతారు. నేను మాత్రం వాకిట్లో మూడు రాళ్లు పెట్టి, కొబ్బరి పీచు అంటించి, యాట తలకాయనూ నాలుగు కాళ్లనూ మంట మీద అటూ ఇటూ తిప్పుతున్నాను. మటన్ దుకాణంలో ఇస్తే గ్యాసు మంటతో ఐదు నిమిషాల్లో కాల్చి ఇస్తాడు. కానీ దానికి ఈ వాసన రాదు. ఈ వాసన తగిలితే గానీ నాకు దసరా వచ్చినట్టు ఉండదు. ఇది తగిలిందంటే బీరమ్మ వచ్చి నా వెనకాల నిలబడ్డట్టే. "అటు మలుపే, చెవు మాడుతాంది" అని గదమాయించినట్టే. ఆమె పోయి రెండేళ్లు దాటినా నేను ఇప్పటికీ ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాను.

ఈ ఏడాది దసరా, గాంధీ జయంతి ఒక్కరోజే పడ్డాయి. ఆ రోజు మాంసం అమ్మరు కనుక మా గల్లీవాళ్లం కలిసి కొన్న పొట్టేలును ఒకరోజు ముందే, అంటే ఇవాళ పొద్దున్నే కోయించాం. రేపు మా ఇంటికి పదిహేడు మంది వస్తారు. అల్లం వెల్లుల్లి ఇంకా నూరలేదు. గారెలకు మినప్పప్పు కడగలేదు. తెచ్చుకున్న మాంసానికి ఉప్పు, పసుపు పట్టించి ఒక ఉడుకు రానిచ్చి పెట్టాలి, లేకపోతే రేపటికి ఆగదు. చేతులు ఇక్కడున్నాయి, మనసు వంటింట్లో ఉంది, అక్కడికి పోతే మళ్లీ ఇక్కడికి వస్తుంది. దానికి తోడు పొద్దున మాంసం పోగులు పంచేటప్పుడు ఒక సంగతి జరిగింది. అది గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఆ సంగతి చెప్పాలంటే ముందు బీరమ్మ గురించి చెప్పాలి.

బీరమ్మది మక్తల్ వైపు. గొర్లు కాసే ఇల్లు. పెళ్లయిన కొత్తలో మగని వెంట మందతో నడుచుకుంటూ ఈ సాగర్ కాలువ కింది పొలాలకు వచ్చేదట. వరి కోతలయ్యాక మందను పొలంలో పడుకోబెడితే ఆ ఎరువుకు రైతు వడ్లు కొలిచి ఇచ్చేవాడు. ఒక ఏడాది ఆమె మగడు ఇక్కడే జ్వరం వచ్చి పోయాడు. మంద మరిది వెంట వెనక్కి పోయింది. ఆమె పోలేదు. హాలియాలో రైసు మిల్లులో చెరిగే పనికి కుదిరి, మా గల్లీ చివర ఒక రేకుల ఇల్లు వేసుకుంది. నేను ఆమెను చూసేనాటికి అరవై దాటి ఉంటాయి. బక్క మనిషి, చేతులకు వెండి కడియాలు, నడుముకు దోపిన తంబాకు సంచి. ఎవరింట్లోకైనా అడగకుండానే వచ్చేది, గంజుల మూతలు తీసి చూసేది. నాకు మొదట్లో ఆమె అంటే ఒళ్లు మండేది, ఆ మాట దాచుకోను.

మేము మగ్గం నేసే ఇంటివాళ్లం. మా మామ ఇప్పటికీ ఊళ్లో నేస్తాడు. నా భర్త శ్రీనివాస్ మాత్రం మగ్గం వదిలి, హాలియాలో బట్టల దుకాణంలో పనికి కుదిరాడు. రెండు గదుల కిరాయి ఇల్లు తీసుకున్నాం. మేము వచ్చిన రెండో ఏడు మా అత్త పోయింది. ఆమె సంవత్సరీకం అయ్యాక మామ అందరి ముందూ తేల్చి చెప్పాడు: "ఇగ పండుగ పెద్దోని ఇంట్లనే." ఊళ్లో ఆ ఇంట్లో మగ్గం పోను మిగిలిన జాగాలో పదిమంది కూర్చోలేరు, వండిపెట్టే ఆడమనిషీ లేదు. అంటే ఇక మా ఇంట్లో తినేది మామ, ఇద్దరు ఆడబిడ్డలు, వాళ్ల మొగుళ్లు, పిల్లలు, మరిది కుటుంబం, మేము. మొత్తం పద్నాలుగు మంది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టలేదు.

నిద్ర పట్టకపోవడానికి ఒక పాత కారణం ఉంది. చిన్నప్పుడు ఒక దసరాకు మా తల్లిగారింటికి చెప్పాపెట్టకుండా చుట్టాలు వచ్చారు. అందరూ తిని లేచాక గంజు అడుగున షోర్వా కూడా మిగల్లేదు. అమ్మ వంటింట్లో గోడ వైపు తిరిగి కూర్చొని కారప్పొడి కలుపుకొని తినడం నేను చూశాను. నేను చూశానని ఆమెకు తెలియదు. ఆ రోజు నుంచి నలుగురికి వండమంటే చాలు, నాకు చెయ్యి ఆగదు. ఇంకో సోల బియ్యం, ఇంకో చెంచా నూనె, ఇంకో రెండు ఉల్లిగడ్డలు, ఎంత వేసినా తక్కువే అనిపిస్తుంది.

ఆ మొదటి దసరాకు ఏం చేశానంటే, కొత్తగా పెట్టిన పెద్ద దుకాణంలో ఒకటి కొంటే ఒకటి ఉచితమని రాసి ఉన్నవన్నీ తెచ్చాను. నూనె డబ్బాలు, సేమియా, అప్పడాలు, మసాలా పొట్లాలు, ఎందుకు పనికొస్తాయో నాకే తెలియని సీసాలు రెండు. ఆటోలోంచి దించుతుంటే బీరమ్మ వచ్చి నడుము మీద చేతులు పెట్టుకొని నిలబడింది.

"ఏందే బిడ్డా, కిరాణం దుకాణం పెడుతున్నవా?"

"పద్నాలుగు మంది వస్తున్నరవ్వా."

"వస్తే? మనిషికి రెండు కడుపులు ఏసుకొని వస్తున్నరా?"

నేను సంచులు దించుతూనే ఉన్నాను. ఆమె ఒక నూనె డబ్బా ఎత్తి చూసి, "అంగట్ల అగ్గువని కొన్నది ఇంట్ల పిరమైతది" అని కింద పెట్టింది. ముసలామెకేం తెలుసులే అనుకున్నాను. గల్లీలో యాటను కోస్తున్నారు, ఎన్ని పోగులు కావాలని అడిగితే రెండు అన్నాను. అది చాలదేమోనని మళ్లీ మూడు కిలోల కోడికూర తెప్పించాను.

పోగుల సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. దసరాకు మా వైపు నీచు వండని ఇల్లు తక్కువ. పండుగ రోజు దుకాణం ముందు వరుసలో నిలబడి, వాడు చెప్పిన ధరకు కొనే బదులు, గల్లీలో తొమ్మిదిళ్ల వాళ్లం కలిసి ఒక పొట్టేలును కొంటాం. కోయించి, పట్టా మీద ఇంటికొక కుప్ప, కావాలన్నవాళ్లకు రెండు, వేస్తాం. ఆ కుప్పే పోగు. కాంటా ఉండదు, కంటి అంచనానే. అన్ని పోగుల్లోనూ మెత్తటి తునకలు, బొక్కలు, కార్జం, బోటి తలా కొంత పడాలి. తర్వాత ఎవరో ఒకరు పోగులకు వీపు తిప్పి నిలబడతారు. ఇంకొకరు కట్టెతో ఒక పోగును తాకి, "గిదెవలది?" అని అడుగుతారు. వీపు తిప్పినవాళ్లు ఒక ఇంటి పేరు చెబుతారు. పేరు పడ్డాక ఇక మాట లేదు, ఆ పోగు ఆ ఇంటిదే. పొట్టేలును ఎంచి తెచ్చి, పోగులు వేసే పెద్దమనిషికి తలకాయ, కాళ్లు వస్తాయి. మా గల్లీకి ఆ పెద్దమనిషి బీరమ్మ.

ఆమె పొట్టేలును దసరా ముందు కొనేది కాదు. ఆషాఢం బోనాలు అయిపోయి, శ్రావణంలో బేరాలు చల్లబడ్డాక, నడుము మీదా తోక మొదట్లోనూ చెయ్యి పెట్టి నొక్కి చూసి ఎంచేది. దాన్ని తెలిసినవాళ్ల మందలో వదిలేది. "పండుగ ముంగట కొనేటోడు పొట్టేలును కొనడు బిడ్డా, పండుగను కొంటడు" అనేది.

ఆ మొదటి ఏడు వీపు తిప్పడానికి ఎవరిని పిలుద్దామా అని చుట్టూ చూసి, నన్ను వేలు పెట్టి చూపించింది. "నువ్వు రా. నువ్వు గీడ ఎవలకూ చుట్టానివి గాదు. నువ్వు చెప్తే ఎవలకూ అనుమానముండదు." నేను వెళ్లి వీపు తిప్పి నిలబడ్డాను. తొమ్మిది ఇళ్ల పేర్లు తడబడుతూ చెప్పాను. ఎవరూ మారు మాట్లాడకుండా తమ పోగు ఎత్తుకొని పోయారు. కొత్త ఊళ్లో, ఎవరికీ పట్టని కిరాయి ఇంట్లో ఉన్న నాకు ఆ పది నిమిషాలు ఎంత గొప్పగా అనిపించాయో చెప్పలేను. తర్వాత ప్రతి ఏడూ ఆ పని నాదే అయ్యింది. సునీత వీపు తిప్పితే సరే అనే మాట గల్లీలో నిలబడిపోయింది.

ఆ ఏడు పండుగ వంట మాత్రం నవ్వులపాలే. సగం కోడికూర మరునాటికి వాసనొచ్చింది. చిన్న ఆడబిడ్డ మాంసం ముట్టదని నాకు వంట అయ్యాక గుర్తొచ్చింది, ఆమె పెరుగుతో తిని లేచింది. మామకు పళ్లు లేవు, ఆయన తునకను చప్పరించి పళ్లెం అంచుకు పెట్టాడు. పోయేటప్పుడు పెద్ద ఆడబిడ్డ, "వదినె, నీ చెయ్యి మస్తు పెద్దది" అంది. మెచ్చుకుందో ఎత్తిపొడిచిందో ఇప్పటికీ తెలియదు. అందరూ పోయాక పాడైన కూరను గుంత తీసి పూడుస్తుంటే బీరమ్మ వచ్చింది. ఏమంటుందోనని చూశాను. ఆమె పార నా చేతిలోంచి తీసుకొని మిగతా మట్టి తనే కప్పింది.

తరువాతి ఏడు బతుకమ్మలు మొదలవక ముందే ఒక మధ్యాహ్నం వచ్చి, "డబ్బాలన్ని బయటికి తే" అంది. వంటింట్లో ఉన్న ప్రతి డబ్బాను, సీసాను, పొట్లాన్ని వాకిట్లో పరిపించింది. రెండు చోట్ల ధనియాలు, మూడు చోట్ల పల్లీలు, పురుగు పట్టిన నువ్వుపిండి బయటపడ్డాయి. "సూడు, నీ ఇల్లే ఒక దుకాణం. ముందుగాల గీ దుకాణంల కొను, గీడ లేనిదే అంగట్ల కొను" అంది. తర్వాత గుప్పెడు చింతగింజలు తెమ్మంది. రాబోయేవాళ్లు ఒక్కొక్కరికి ఒక గింజ పెట్టించింది, పిల్లలకు పగిలిన గింజ. నేను చకచకా పెట్టేసి ఇక బియ్యం కొలుద్దామని లేవబోతే చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టింది.

"ఏం దౌడు? ఒక్కో గింజను పట్టుకొని చెప్పు, గా మనిషి ఏం తింటడు, ఏం తినడు?"

చెప్పడం మొదలుపెడితే నాకు తెలిసింది, వీళ్ల గురించి నాకు ఏమీ తెలియదని. మామకు పళ్లు లేవు, మెత్తగా ఉండే కార్జం పెట్టాలి. చిన్న ఆడబిడ్డకు గుడ్డు. పెద్ద ఆడబిడ్డ మొగుడికి షుగరు, జొన్నరొట్టె చేస్తే సంతోషిస్తాడు. పిల్లలకు కారం లేకుండా ముందే నాలుగు తునకలు తీసి పెట్టాలి. ఇలా ఒక్కో గింజా పక్కకు జరిపేసరికి పద్నాలుగు మందికి కావాల్సిన బియ్యం నేను అనుకున్నదాంట్లో సగానికి వచ్చింది, కూరా తగ్గింది. ఆ ఏడు గంజులు ఖాళీ అయ్యాయి, కానీ ఎవరూ ఆకలితో లేవలేదు. నేనూ కడుపునిండా తిన్నాను. తింటున్నానా లేదా అని బీరమ్మ గోడ మీదుగా తొంగి చూసి మరీ పోయింది.

ఇలా నాలుగేళ్లు గడిచాయి. తర్వాత కరోనా వచ్చింది, ఒక దసరాకు ఎవరూ రాలేదు. అది తగ్గిన ఏడు శ్రీనివాస్ పనిచేసే బట్టల దుకాణం మూతపడింది. నాలుగు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. నేను జాకెట్లు కుట్టి నెట్టుకొచ్చాను. ఆ సంగతి ఊళ్లో మామకు చెప్పలేదు, కొడుకు మగ్గం వదిలిపెట్టినందుకు ఆయనకు ముందే మనసులో బాధ ఉంది. పోయినేడు కలవలేదు కనుక ఈసారి అందరం తప్పక వస్తామని ఆడబిడ్డలు ఫోన్లు. రావద్దని ఎట్లా చెప్తాం? బీరమ్మ పోగులు రాయించుకోవడానికి వచ్చినప్పుడు, ఎప్పుడూ రెండు చెప్పే నేను ఒక్కటే చాలన్నాను.

"ఒక్కటే?" అంది.

"ఈసారి తక్కువ మంది అవ్వా" అని అబద్ధం చెప్పాను.

ఆమె నా ముఖం చూసింది. ఇంకేం అడగలేదు, తంబాకు నోట్లో వేసుకొని పోయింది.

పండుగ పొద్దున పట్టా మీద తొమ్మిది పోగులు పడ్డాయి. ఎప్పటిలాగే నన్ను పిలిచింది. నడుస్తూ ఒకసారి చూశాను, గోడ వైపు ఉన్న పోగు మిగతావాటికంటే బాగా ఎత్తుగా ఉంది. పద్నాలుగు మంది, ఒక్క పోగు. అమ్మ గోడ వైపు తిరిగి కారప్పొడి కలుపుకోవడం కళ్లముందు ఆడింది. వీపు తిప్పి నిలబడ్డాక చూస్తే నా ఎదురుగా ఎవరిదో మోటారుసైకిల్ ఆపి ఉంది. దాని అద్దంలో పట్టా, పట్టా మీద కట్టె, కట్టె పట్టుకున్న బీరమ్మ చెయ్యి, అన్నీ చిన్నగా, స్పష్టంగా కనిపిస్తున్నాయి. కళ్లు పక్కకు తిప్పుకోవచ్చు. తిప్పుకోలేదు. "గిదెవలది?" అంటూ కట్టె ఒక్కో పోగునే తాకుతుంటే ఇళ్ల పేర్లు చెబుతూ పోయాను. కట్టె గోడ వైపు పోగు మీదికి వచ్చింది. బీరమ్మ అడగడం పూర్తి కాకముందే "మాది" అన్నాను.

బీరమ్మ, "ఆఁ, సునీతది. ఇగ గిదెవలది?" అంటూ పక్క పోగుకు పోయింది.

ఇంటికి తెచ్చి గంజులో వేసి చూశాను. మెడ బొక్కలు, పక్కటెముకలు, మోకాలి చిప్పలు. మెత్తటి తునకలు పిడికెడు కూడా లేవు. గొర్ల ఇళ్లలో పుట్టినవాళ్లు ఇట్లా మోసపోరు. నాకు తర్వాత తెలిసింది, బొక్కలు ఎక్కువ పడ్డ పోగును ఎత్తుగా వేస్తారట, అప్పుడే సమానమవుతుందట. ఎత్తు పోగు అంటే బొక్కల పోగని చిన్నపిల్లకైనా తెలుసట. మగ్గం పక్కన పెరిగిన నాకు ఎవరు చెప్పాలి? దొంగతనం చేసి దొంగతనంలోనూ ఓడిపోయాను. నవ్వాలో ఏడవాలో తెలియక గంజు ముందు కూర్చున్నాను. ఇంకో రెండు గంటల్లో బస్సు దిగుతారు.

అప్పుడు తలుపు దగ్గర ఈ వాసనే వచ్చింది. కాలిన వెంట్రుకల వాసన. బీరమ్మ సత్తు గిన్నెలో కాల్చిన తలకాయ, నాలుగు కాళ్లు పెట్టుకొని నిలబడింది. గిన్నె నా ముందు పెట్టింది.

"గివి నీకే. పొద్దుగాలనే అనుకున్న, ఒక్క పోగుతోని ఎట్ల ఎల్లదీస్తదని."

ఆమె వంగి గంజులోకి చూసింది. మూతి బిగించి, ఒక బొక్కను ఎత్తి, మళ్లీ వేసింది.

"ఎత్తు చూసి ఆగం కావద్దు బిడ్డా. ఎత్తుండేది బొక్కల పోగే" అంది. ఆ తర్వాత వెంటనే, ఇంకో మాటకు సందివ్వకుండా, "ఇంట్ల సొరకాయ ఉన్నదా?" అని అడిగింది.

ఉంది. శనగపప్పు ఉంది, చింతపండు ఉంది. ఆమె కొంగు నడుముకు దోపి పొయ్యి ముందు కూర్చుంది. బొక్కలన్నీ పెద్ద గంజులో నీళ్లు పోసి మరగబెట్టించింది. ఆ రసంలో శనగపప్పు, సొరకాయ ముక్కలు వేసి, చింతపులుసు పిండి, చివర పోపు పెట్టించింది. తలకాయ కూర వేరే, కాళ్ల షోర్వా వేరే. ఉన్న పిడికెడు మెత్తటి తునకలు పిల్లలకు. పద్నాలుగు మంది బగారన్నంలో ఆ దాల్చా పోసుకొని తిన్నారు. పళ్లు లేని మా మామ కాళ్ల షోర్వాను మూడుసార్లు పోయించుకొని, "మీ అత్త ఉన్నప్పుడు గూడ గింత మంచిగ తినలే" అన్నాడు. పెద్ద ఆడబిడ్డ ఆ పప్పు ఎట్లా చేశావని అడిగి రాసుకుంది. నాకు ఒక్క బుక్క కూడా దిగలేదు.

ఆ తర్వాత సంవత్సరమంతా నేను కుదురుగా లేను. బోరింగు దగ్గర ఎవరైనా గుసగుసలాడితే నా గురించే అనుకునేదాన్ని. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరి మోటారుసైకిలు గల్లీలోకి వచ్చినా నాకు ఉలికిపాటే. బీరమ్మ ఎవరికైనా చెప్పిందా? అసలు ఆమె చూసిందా, ఊరికే అన్నదా? రెండుసార్లు చెప్పేద్దామని ఆమె ఇంటిదాకా పోయి, జీలకర్ర అడిగి వచ్చాను. మూడోసారి ఎట్లాగో నోరు తెరిచి, "అవ్వా, నిరుడు దసరాకు..." అన్నాను. ఆమె గొర్రెపిల్లకు ఆకు మేపుతూ, "ఏందే, ఇంకా అరగలేదా?" అని నవ్వింది. నేను పారిపోయి వచ్చాను.

మళ్లీ దసరా వచ్చింది. అప్పటికి శ్రీనివాస్‌కు ఎరువుల దుకాణంలో పని దొరికింది, నేను రెండు పోగులు చెప్పాను. పట్టా పరిచారు. బీరమ్మ అందరిలో నన్నే పిలిచింది. ఈసారి వేరే ఎవరినైనా తిప్పమన్నాను. "ఎందుకు? నువ్వే తిరుగు" అంది. నేను కదల్లేదు. ఆమె వచ్చి నా రెక్క పట్టుకొని నడిపించింది. అదే గోడ, అదే చోటు. ఎదురుగా అదే మోటారుసైకిల్, అదే అద్దం. దాన్ని జరపమని ఎవరికీ చెప్పలేదు, దాని మీద గుడ్డ కప్పలేదు. నన్ను దాని ముందే నిలబెట్టి, ఎవరికీ వినపడకుండా నా చెవి దగ్గర అంది.

"నిరుడు చూసిన కండ్లు ఇయ్యేడు మూసుకో."

మూసుకున్నాను. ఎంత గట్టిగా మూసుకున్నానంటే కళ్ల నీళ్లు బయటికి వచ్చాయి. తొమ్మిది ఇళ్ల పేర్లు ఆ చీకట్లోంచి చెప్పాను. నాకు ఏ పోగులు పడ్డాయో, వాటిలో ఏమున్నాయో ఇప్పుడు గుర్తు కూడా లేదు. ఆమె చెప్పి ఉంటే గల్లీలో నా పేరు ఆ రోజుతోనే పోయేది. ఆమె చెప్పకపోవడం వల్ల అది నాకు మిగిలింది. ఆమె కట్టె పట్టగా నేను వీపు తిప్పి నిలబడడం అదే ఆఖరు.

రెండేళ్ల కిందట ఎండాకాలంలో దవాఖానలో పోయింది. చివరిసారి చూడ్డానికి పోతే, "శ్రావణంల పొట్టేలును చూసుడు మర్వకు" అంది. అదే వీలునామా. కట్టె నా చేతికి వచ్చింది, దానితోపాటు తలకాయ, కాళ్లు కూడా. ఆ గిన్నె మాత్రం ఏటా, ఇంటినిండా చుట్టాలు వస్తున్నా ఒక్క పోగే చెప్పిన ఇంటికి పోతుంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఇక ఈ పొద్దటి సంగతి. మూడు నెలల కింద మా పక్క పోర్షనులోకి మౌనిక అనే అమ్మాయి కిరాయికి వచ్చింది. మేళ్లచెరువు అమ్మాయి, మొగుడు ఆటో నడుపుతాడు. రేపు మొదటిసారి అత్తగారి వాళ్లంతా ఇక్కడికి పండుగకు వస్తున్నారు. పోగు ఒక్కటే చెప్పింది. ఎవరికీ చుట్టం కాదు కనుక ఆమెనే వీపు తిప్పమన్నాను. చేతిలో ఫోను పట్టుకొని నిలబడింది. నేను కట్టెతో ఒక్కో పోగునే తాకుతూ పోయాను. ఎత్తు పోగు దగ్గరికి వచ్చాను. నేను అడగడం పూర్తి కాలేదు, "మాది" అంది. ఆ తొందర గొంతు నాకు తెలుసు. ఆమె భుజం మీదుగా చూస్తే, వెలుగు ఆరిపోయిన ఫోను నల్లటి అద్దంలో పట్టా కనిపిస్తోంది.

నాకు జాలి కలగాలి కదా. కలగలేదు. కోపం వచ్చింది. ఒళ్లంతా మంట పుట్టేంత కోపం. మేమంతా నమ్మి నిలబెడితే నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల ఇంత పని చేస్తుందా అని నోటిదాకా వచ్చింది మాట. ఎనిమిది ఇళ్లవాళ్లు చూస్తున్నారు. ఎట్లా మింగానో తెలియదు, "ఆఁ, మౌనికది. ఇగ గిదెవలది?" అని పక్క పోగును తాకాను. ఇన్నేళ్లూ బీరమ్మది పెద్ద మనసు కనుక ఆమెకు అది తేలికైన పని అనుకున్నాను. ఆ రోజు ఆమెకూ ఇంత కోపం వచ్చి ఉంటుందనీ, దాన్ని మింగి, తలకాయ కాల్చి, నా గుమ్మంలోకి మోసుకొచ్చిందనీ నాకు ఇవాళ పొద్దునదాకా తట్టలేదు. ఎంత మొద్దుదాన్ని!

తలకాయ కాలింది, కాళ్లూ కాలాయి. కత్తితో మసి గీకి, పసుపు రాసి, కడిగాను. ఇంకా అల్లం నూరలేదు, పప్పు కడగలేదు. అయినా ముందు ఆ సత్తు గిన్నె పట్టుకొని పక్క పోర్షనుకు పోయాను. కోపం పూర్తిగా పోయిందని చెప్పను. తలుపు తీసే ఉంది. మౌనిక వంటింట్లో గంజు ముందు కూర్చొని ఉంది. నన్ను చూసి లేవబోయి, లేవలేక, ఏడుపు ఆపుకుంటూ అంది.

"అక్కా, అన్ని బొక్కలే వచ్చినయ్."

గిన్నె ఆమె ముందు పెట్టాను. కొంగు నడుముకు దోపుకొని పొయ్యి దగ్గర కూర్చున్నాను.

"ఇంట్ల సొరకాయ ఉన్నదా?" అని అడిగాను.